నక్క ఏం తింటుందో చూద్దామని దొరవారిసత్రం వెళ్లా!

దొరవారిసత్రం స్టేషన్‌లో మెడకి కెమెరా తగిలించుకుని దిగితే ఆటో అన్నలకి ఒకటే లెక్క.

"నేలపట్టేనా సార్? పక్షులకేనా?"

"నేలపట్టే అన్నా. చూడాల్సింది మాత్రం నక్కని" అన్నా.

అతను బండి స్టార్ట్ చెయ్యబోతూ ఆగి, వెనక్కి తిరిగి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏంది, తోక తొక్కి పోదామనా?" అని పగలబడి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకో ముందే చెప్పేస్తా.

రెండేళ్ల కిందట ఇదే హైవే మీద రాత్రి పూట భోజనానికి ఆగాం. హోటల్ వెనక చెత్త కుప్ప దగ్గర రెండు కళ్లు మెరిశాయి. కుక్క అనుకున్నాం. టార్చ్ వేస్తే నక్క! ప్లేట్‌లో మిగిలిన చికెన్ ఎముకలు విసిరా. వెనక్కి గెంతింది. ఇంకొకటి విసిరా. ఈసారి నాలుగడుగులు ముందుకొచ్చింది. మూడోది నోట కరుచుకుని చీకట్లోకి పోయింది. మొత్తం 18 సెకన్ల రీల్. నా అకౌంట్‌లో దానికి వచ్చినన్ని వ్యూస్ దేనికీ రాలేదు. "బ్రో లొకేషన్ ప్లీజ్" అని అడిగిన ప్రతి ఒక్కరికీ లొకేషన్ పెట్టా కూడా.

రెండు నెలల తర్వాత అదే దారిలో వెళ్తుంటే ఆ హోటల్‌కి కాస్త ముందు, డివైడర్ పక్కన నక్క చచ్చి పడి ఉంది. అది నేను చూసిన నక్కేనా? చెప్పలేను. కానీ ఆ రాత్రి రీల్ తీసేశా. ఒక ప్రశ్న మాత్రం డిలీట్ అవ్వలేదు. నేను ఎముక విసరకపోతే ఆ రాత్రి అది ఏం తినేది?

దానికి జవాబు వెతుక్కుంటూనే ఫిబ్రవరి మొదటి వారంలో దొరవారిసత్రంలో దిగా.

చేపలు తినే అడవి కుక్క

వచ్చేముందు కాస్త చదువుకున్నా. చదువుతుంటే ఎక్కడో అమెజాన్ అడవిలో తేలా. అక్కడ పొట్టి చెవుల అడవి కుక్క ఒకటి ఉంది. శాస్త్రవేత్తలకి కూడా కనిపించనంత దాగుడుమూతలమారిది. అందుకే దాన్ని 'దెయ్యం కుక్క' అని పిలుస్తారు. పెరూ దేశంలో మను జాతీయ పార్కు లోపల కోచా కాషు అనే చోట దాని మలం ఏరి, అందులో ఏముందో చూశారు. మాంసం ఎముకలే ఉంటాయనుకుంటాం కదా? అన్నిటికన్నా ఎక్కువ ఉన్నవి చేపలు! ఆ తర్వాత పురుగులు, చిన్న జంతువులు, పండ్లు, కప్పలు, పీతలు. కుక్క జాతి జంతువు అడవి వాగులో చేపలు పట్టుకుని, చెట్టు కింద రాలిన పండ్లు తిని బతుకుతోంది. 2020లో డేనియల్ రోచా బృందం అమెజాన్ అంతటా కెమెరాలకి చిక్కిన దాని ఫొటోలన్నీ ఒకచోట చేర్చి, అడవి నరికేస్తే దీనికి ఇల్లే ఉండదని హెచ్చరించింది.

మన దగ్గర కూడా కుక్క జాతి తక్కువేం కాదు. శేషాచలం కొండల్లో రేచుకుక్కలున్నాయి. అవి గుంపుగా దుప్పిని తరిమి పడగొడతాయి. బయలు నేలల్లో గుంటనక్క ఉంటుంది. ఊరి పొలాల చుట్టూ తిరిగేది మన మామూలు నక్క. ఇక్కడ ఒక చిన్న తికమక ఉంది. ఇంగ్లిష్ కథల్లో 'ఫాక్స్' కనిపించినప్పుడల్లా మనం నక్క అనేశాం. నిజానికి మన నక్క జాకల్. ఫాక్స్‌కి దగ్గరిది గుంటనక్క. పంచతంత్రంలో సింహం పక్కన చేరిన కరటక దమనకులు కూడా నక్కలే.

ఇంకో విషయం. 'అందని ద్రాక్ష పుల్లన' కథ మనందరం చిన్నప్పుడే విన్నాం. నక్కకి ద్రాక్షపండ్లతో పనేంటని ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఆలోచించలేదు. దొరవారిసత్రం వెళ్లేదాకా!

చెరువే కోట

నేలపట్టు ఊరు దొరవారిసత్రం మండలంలోదే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లా లెక్కలోకి పోయింది గానీ, మాట, యాస, చేపల పులుసు అన్నీ నెల్లూరువే. ఇక్కడి పక్షుల రక్షిత కేంద్రం 1976 నుంచి ఉంది. విస్తీర్ణం 458 హెక్టార్ల పైమాటే. ఇక్కడ 189 రకాల పక్షులు లెక్కకొచ్చాయి.

గట్టు ఎక్కి చూస్తే చెరువు మధ్య నీళ్లలో కడప చెట్లు. కొమ్మకొమ్మకీ గూళ్లు. గూళ్ల నిండా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. అరుపులు, రెక్కల చప్పుడు, రెట్ట వాసన అన్నీ ఒకేసారి మీద పడతాయి. గూడబాతులు పొద్దున్నే పులికాట్ సరస్సు వైపు ఎగిరి, గొంతు సంచి నిండా చేపలతో తిరిగొస్తాయి. పిల్లలు తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చేసి తింటాయి. మొదటిసారి చూస్తే తల్లే పిల్లని మింగేస్తోందేమో అని భయమేస్తుంది.

ఊరివాళ్లకి ఈ పక్షులంటే ప్రాణం. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు వేసినంత బలమని తరాలుగా నమ్మకం. అందుకే గూళ్ల జోలికి ఎవరూ పోరు.

మరి నక్కకి ఇక్కడేం పని? చెట్ల కింద ఉన్న నీళ్లని చూస్తే సగం అర్థమవుతుంది. ఆ నీళ్లే గూళ్లకి కోట గోడ. చెరువు నిండుగా ఉన్నంతకాలం నక్క గట్టు మీద నిలబడి వాసన పీల్చుకోవాల్సిందే. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి పోతే మాత్రం కథ మారుతుంది. ఒడ్డు దగ్గరి చెట్ల కింద బురద తేలుతుంది. పిల్లలకి పెట్టబోయి జారిన చేప, గూటిలోంచి పడ్డ పిల్ల, చచ్చిన పక్షి అన్నీ నేల మీదకి వస్తాయి. వాటిని కుళ్లకముందే ఎవరో ఒకరు ఎత్తాలి కదా. ఆ డ్యూటీ నక్కది.

చెరువు చుట్టూ ఉన్నది పొట్టి చెట్ల అడవి. పెద్ద వానలు పడే అడవి కాదు. కానీ ఏడాది పొడవునా ఆకు రాల్చకుండా పచ్చగా ఉంటుంది. పాల చెట్లు, అల్లి చెట్లు, రేగు పొదలు. ఈ కోస్తాలో మిగిలిన రకం పొడి అడవి ఇది. ముళ్లపంది, దేవాంగపిల్లి, చుక్కల దుప్పి కూడా ఇందులో తలదాచుకుంటాయి.

పుల్లతో కెలికితే మెనూ దొరికింది

మర్నాడు పొద్దున అడవికి బయట, పొలాల మధ్య బండి బాటలో నడుస్తున్నా. బాట నడుమ ఒక రాయి మీద ఏదో కనిపించింది. వంగి చూస్తుంటే వెనక నుంచి గొంతు.

"ఏంది నాయనా, ఆడ వంగి చూస్తా ఉండావు?"

భుజాన చిన్న పార, చేతిలో మసి పట్టిన కుండ, నడుముకి సంచి. యానాది పెద్దాయన. వరి పొలాల్లో ఎలుకలు పట్టడం వాళ్లకి తాతల నాటి విద్య. రైతులే పిలిపించుకుంటారు.

"నక్కదేనా పెద్దయ్యా ఇది?"

"నక్కదే. బాట నడిమద్దెన, రాయి మిందే పెడతాది. ఇది నా జాగా అని నలుగురికీ తెలవద్దా?"

పుల్ల విరిచి ఇచ్చాడు. ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. చెబితే అసహ్యంగా అనిపిస్తుందేమో గానీ, కెలకడం మొదలెట్టాక ఆపబుద్ధి కాలేదు. ముందు బూడిద రంగు వెంట్రుకలు. "ఎలక" అన్నాడు పెద్దాయన. తర్వాత ఎర్రటి పెంకు ముక్కలు. "ఎండ్రకాయ. కాలవ గట్టున పట్టుంటాది." ఆ తర్వాత గట్టిగా, గుండ్రంగా పది పదిహేను గింజలు. రేగు గింజలు! నక్క కొరికి నమల్లేదు, పండుతో పాటే మింగేసింది. గింజ చెక్కుచెదరలేదు. అంటే ఈ నక్క నిన్న ఎక్కడో రేగు పండ్లు తిని, ఇవాళ ఇక్కడ విత్తనాలు వేసి పోయింది, ఎరువుతో సహా.

"నక్క పండ్లు తింటుందా?" అన్నా, ద్రాక్ష కథ గుర్తొచ్చి.

"తినకుండా? రేగ్గాయ కాలం రేగ్గాయ తింటాది. ఎండాకాలం పాలపండ్లు. నేరేడు కాలం నేరేడు. తాటిపండు రాలితే దాన్ని ఈడ్చుకోని పోయి పీచు చీకతాది. వానలు పడితే కప్పలు, ఎండ్రకాయలు. వరి పాలు పట్టేసరికి ఎలకలు. దానికేం కరువు నాయనా!"

ఊరికే తలూపేశా గానీ లోపల మాత్రం గిర్రున తిరిగింది. మాంసం తప్ప ముట్టదనుకున్న జంతువుకి మన బామ్మల కన్నా పక్కాగా పండ్ల క్యాలెండర్ ఉంది! ఆ తర్వాత చూస్తే పుస్తకాలూ ఇదే చెబుతున్నాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో నక్కల తిండిలో 60 శాతం పైగా ఎలుకలు, పక్షులు, పండ్లే. మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవిలో జార్జ్ షాలర్ చూసినప్పుడు 80 శాతం దాకా ఎలుకలు, పాములు బల్లుల వంటివి, పండ్లు. పులి తిని వదిలేసింది ఏరుకోవడమే నక్క బతుకు అన్నది మనం అల్లుకున్న కథ. దాని కూడు అది సంపాదించుకుంటుంది.

పెద్దాయన పుల్ల చివరతో ఇంకో ముక్కని పక్కకి లాగాడు. వెండి రంగులో మెరిసింది. పోగులా మెలితిరిగిన ప్లాస్టిక్. కడిగి చూడక్కర్లేదు, మసాలా ప్యాకెట్ ముక్క.

"ఇది మటుకు మీ రోడ్డు కాడిది" అన్నాడు.

మీ రోడ్డు. ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ 18 సెకన్లు గుర్తొచ్చాయి.

ఎలుక కోసం ఇద్దరు వేటగాళ్లు

ఆ పూటంతా పెద్దాయన వెనకే తిరిగా. గట్టు మీద కన్నం చూడగానే లోపల ఎలుక ఉందో లేదో చెప్పేస్తాడు. కన్నం దగ్గర తాజా మట్టి, తెంపిన వరి కంకులు ఉంటే ఉన్నట్టే. మిగతా కన్నాలు మట్టితో మూసి, ఒకదానికి కుండ ఆనించి, గడ్డి పొగ లోపలికి ఊదుతాడు. ఎలుక ఉక్కిరిబిక్కిరయ్యాక తవ్వి తీస్తాడు. లోపల అది దాచుకున్న వడ్లు కూడా ఆయనవే.

"నేను పగలు, అది రేత్రి. ఇద్దరిదీ ఒకటే పని" అన్నాడు నవ్వుతూ.

"మీ ఎలుకలు అది తినేస్తే మీకు నష్టం కదా పెద్దయ్యా?"

"చేలో ఎలకలు ఇద్దరం తిన్నా అయిపోతాయా?"

పొలం రైతు కూడా పక్కనే ఉన్నాడు. ఆయన అంత మెత్తగా లేడు. "పుచ్చకాయ వేసిన ఏడు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మండుద్ది సార్. కాయ కాయకీ ఒక్కో కాటు వేసి పోతది. చెరుకైనా అంతే. కానీ వరికి ఎలక చేసే నష్టం ముందర అదెంత?" అన్నాడు. ఎలుకల మందు పెట్టొచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. మందు తిన్న ఎలుకని నక్క తింటుంది, గుడ్లగూబ తింటుంది. అవి పోతే వచ్చే ఏడు ఎలుకలు రెట్టింపు. ఆయన లెక్క ఆయనకుంది.

చివరికి కనిపించింది

సాయంత్రం రైతుని అడిగి పొలం గట్టున, తాటి మొద్దు చాటున కూర్చున్నా. అభయారణ్యం గేటు అప్పటికే మూసేశారు. పెద్దాయన ఒకే మాట చెప్పి వెళ్లిపోయాడు: "గాలి నీ మొహానికి తగలాల. నీ వాసన దానికి పోతే రాదు."

పొద్దు వాలింది. గూడబాతుల ఆఖరి గుంపు తల మీదుగా చెరువులోకి దిగింది. దోమలు పండగ చేసుకున్నాయి. ఫోన్ తీసి చూడాలని చెయ్యి లాగుతోంది, వెలుగు పడుతుందని ఆపుకున్నా.

అడవి అంచున రేగు పొద కదిలింది. ముందు చెవులు, తర్వాత సన్నటి మూతి. నక్క! రోడ్డు మీద చూసిన దానిలా బెదురు చూపులు లేవు. పది కిలోలు కూడా తూగదేమో. ఎండుగడ్డి రంగు ఒళ్లు, తోక చివర నలుపు. పొద కింద తల వంచి, రాలిన రేగు పండ్లు ఒక్కొక్కటీ ఏరుకుని తింటోంది. తీరిగ్గా, మనం పల్లీలు నోట్లో వేసుకున్నట్టు.

తర్వాత కోసిన మడిలోకి దిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. తల ఒక పక్కకి వాల్చింది. చెవులు రెండూ ముందుకి తిరిగాయి. నాకేమీ వినపడలేదు. దానికి మాత్రం గడ్డి కింద ఏదో వినపడుతోంది. అలా ఎంతసేపుందో! ఒక్కసారిగా నాలుగు కాళ్లూ గాల్లోకి లేచాయి. ముందు కాళ్లు రెండూ జతగా నేల మీద పడ్డాయి. మూతి కిందకి పోయింది. తల పైకెత్తేసరికి నోట్లో ఎలుక వేలాడుతోంది.

రెండుసార్లు నమిలి మింగేసింది. ఇంకొకటి పట్టి అదీ మింగింది. అయినా ఆగలేదు, మూడోదాని కోసం చెవులు రిక్కించింది. ఇంత ఆకలా అనుకున్నా. తర్వాత తెలిసింది, ఆకలి ఒక్కటే కారణం కాకపోవచ్చని. ఆడా మగా జతగా బతుకుతాయి నక్కలు. గుంటలో పిల్లలుంటే ఇద్దరూ తిండి కడుపులో మోసుకెళ్లి, వాటి ముందు కక్కి తినిపిస్తాయి. కిందటి ఏడు పుట్టిన పిల్లలు కూడా కొన్ని వెళ్లిపోకుండా ఉండి, తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ తిండి తెచ్చిపెడతాయి. ఎక్కువ దొరికితే నేలలో పూడ్చి దాచుకుంటాయి.

నేను చూసిన దాని వెనక గుంట ఉందో లేదో తెలీదు. కానీ హైవే పక్కన పడి ఉన్న నక్క వెనక ఉండి ఉంటే? ఆ రాత్రి దాని కోసం గుంటలో ఎన్ని మూతులు ఎదురుచూశాయో?

చికెన్ వేస్ట్ ఐడియా

మర్నాడు టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కలిశారు. ఇద్దరి దగ్గరా నాకన్నా మంచి కెమెరాలు. మాటల్లో నక్క సంగతి చెప్పా. "అంతసేపు దోమల్లో ఎందుకు కూర్చున్నారన్నా! చికెన్ షాప్‌లో వేస్ట్ ఒక కవర్ ఇస్తారు. రోడ్డు పక్కన పోసి పెడితే రెండు రోజుల్లో అలవాటు పడుద్ది. పగలే వస్తది, షాట్ అదిరిపోద్ది" అన్నాడు ఒకడు.

రెండేళ్ల కిందటి నన్ను నేనే చూసుకున్నట్టుంది.

క్లాస్ పీకలేదు. నా రీల్ కథ చెప్పా, అంతే. మనిషి పోసిన తిండికి అలవాటు పడ్డ నక్కకి ముందు పోయేది భయం. ఆ భయమే దాన్ని ఇన్నాళ్లూ బతికించింది. చెత్త కుప్ప దగ్గర ఊరకుక్కలుంటాయి. వాటి నుంచి రేబిస్, డిస్టెంపర్ లాంటివి అంటుకుంటాయి. కుప్పకీ అడవికీ మధ్య హైవే ఉంటుంది. రేపు కోడిపిల్ల కోసం ఇంట్లో దూరిందంటే ఊరు కర్ర తీస్తుంది. ఇదంతా ఒక్క కవర్ చికెన్ వేస్ట్‌తో మొదలవుతుంది.

ఇంకోడు మెల్లగా అడిగాడు, "అన్నా, నక్క కొమ్ము నిజంగా ఉంటదా? ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, జేబులో పెట్టుకుంటే లక్ అంట." ఉండదు. నక్కకి కొమ్ము ఎప్పుడూ లేదు. వెంట్రుకలున్న తోలు ముక్క మధ్య ఎముకో గోరో దూర్చి అమ్మే మోసం అది. దాని కోసం నిజం నక్కల్ని చంపుతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కని చంపడం, దాని తోకైనా తోలైనా అమ్మడం, కొనడం నేరం.

వాళ్లు కవర్ ఆలోచన మానేశారో లేదో నాకు తెలీదు. "సాయంత్రం ఆ తాటి మొద్దు ఎక్కడుందో చూపిస్తావా అన్నా?" అని మాత్రం అడిగారు. రెండేళ్ల కిందట అడిగిన వాళ్లందరికీ లొకేషన్ పెట్టినవాణ్ణి. ఈసారి పెట్టలేదు. "గాలి మొహానికి తగిలేలా కూర్చోండి, ఎక్కడైనా వస్తుంది" అన్నా.

వెళ్లాలనుకుంటే...

నెల్లూరు–చెన్నై రైలు మార్గంలో గూడూరు దాటాక, సూళ్లూరుపేటకి ముందు దొరవారిసత్రం వస్తుంది. ప్యాసింజర్ రైళ్లు ఆగుతాయి. సూళ్లూరుపేట నుంచి నేలపట్టుకి సుమారు 20 కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. గూళ్లు నిండుగా చూడాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఫ్లెమింగో పండగ రోజుల్లో సందడి ఎక్కువ. నక్క కావాలంటే ఆ తర్వాత, జనం తగ్గాక నయం. బైనాక్యులర్, దోమల క్రీమ్, ఓపిక పట్టుకెళ్లండి. తిండి మీ కోసం మాత్రమే, ఖాళీ ప్యాకెట్లు బ్యాగ్‌లోనే.

తిరుగు రైల్లో ఫోన్ తీసి చూసుకున్నా. ఆ సాయంత్రం నేను తీసింది ఒకే వీడియో, 40 సెకన్లు. తెర అంతా చీకటి. చివర్లో మాత్రం అడవి వైపు నుంచి ఒక ఊళ, దానికి చెరువు అవతల నుంచి జవాబుగా ఇంకో ఊళ.

పోస్ట్ చెయ్యలేదు. నా దగ్గరే ఉంచుకున్నా.